లైటు పోతే స్విచ్చి ఎందుకు మార్చాలి?

రాత్రి పార్కింగ్ లైటు వేయగానే డ్యాష్‌బోర్డు మీద బటన్లన్నీ వెలుగుతాయి. హజార్డ్ బటనో, ఏసీ బటనో ఒక్కటి మాత్రం చీకట్లో ఉండిపోతుంది. పగలు చూస్తే దానికి ఏ లోపమూ లేదు. నొక్కితే ఏసీ వస్తుంది, నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటాయి. పోయిందల్లా దాని వెనకున్న దీపం. ఈ సంగతి చెన్నైలో ఏ వర్క్‌షాపులో చెప్పినా సాధారణంగా వచ్చే జవాబు: ‘ఫుల్ సెట్ మాత్తణుం సార్’, అంటే సెట్టు మొత్తం మార్చాలని. సెట్టంటే మొత్తం స్విచ్చి, లేదా ఏసీ కంట్రోల్ ప్యానెల్ మొత్తం. బల్బు పదీ ఇరవై రూపాయల సరుకు. సెట్టు చాలా కార్లకు వేలల్లో పలుకుతుంది.

అలా చెప్పే మెకానిక్‌ని మోసగాడనడం అన్యాయం. స్పేర్ పార్టుల కేటలాగులో చాలాసార్లు స్విచ్చికి తప్ప లోపలి బల్బుకు విడిగా నంబరే ఉండదు. నంబరు లేనిది ఆర్డరు పెట్టలేడు, బిల్లు వేయలేడు, గ్యారంటీ ఇవ్వలేడు. పైగా శ్రమంతా ప్యానెల్ ఊడదీసి మళ్లీ బిగించడంలోనే ఉంది, బల్బు పెట్టడం నిమిషం పని. కాబట్టి ప్యానెల్ ఊడదీసినందుకు కూలి అడిగితే ఇవ్వాల్సిందే. నా పేచీ ఆ కూలితో కాదు, బాగా పనిచేస్తున్న స్విచ్చిని చెత్తబుట్టలో వేయించడంతో. దీపం వేరు, స్విచ్చి వేరు. బల్బులు వాడిన కార్లలో ఆ రెండింటినీ విడదీసేందుకు వీలుగానే తయారుచేశారు. ఎల్‌ఈడీలు వాడిన కార్లలో కాస్త టంకం పని వచ్చినవాడు విడదీయగలడు.

బటన్ లైటుకు ఇంత గొడవా అనేవాళ్లూ ఉన్నారు. నవంబరు వానలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద, ఎదుటి హెడ్‌లైట్లు కళ్లలో పడుతుండగా, మసకబారిన వెనక అద్దానికి డీఫాగర్ బటన్ ఎక్కడుందో వేలితో తడుముకోవడం ఎలా ఉంటుందో వాళ్లకి తెలియదనుకోవాలి. తడిమిన ఆ రెండు మూడు సెకన్లూ కళ్లు రోడ్డు మీద ఉండవు.

ఊడదీసే ముందు, అసలు పోయిందేమిటో తేల్చుకోవాలి. చాలా బటన్లలో రెండు దీపాలుంటాయి. ఒకటి రాత్రిపూట గుర్తు కనబడేందుకు, పార్కింగ్ లైటుతో పాటు వెలిగేది. రెండోది బటన్ ఆన్‌లో ఉందని చెప్పే చిన్న చుక్క. చుక్క వెలగట్లేదంటే దీపం పోయి ఉండొచ్చు, లేదా ఆ పరికరానికే కరెంటు అందక పోయి ఉండొచ్చు. ఈ వ్యాసం మొదటి రకం గురించి.

బటన్లూ, మీటరూ అన్నీ ఒకేసారి చీకటైతే బల్బుల జోలికి వెళ్లకండి. ముందు డిమ్మరు, అంటే ఈ వెలుగును పెంచి తగ్గించేది, చూడండి. స్టీరింగు పక్కనుండే చిన్న చక్రాన్ని కారు తుడిచే అబ్బాయి గుడ్డతో కిందికి తిప్పేసి ఉంటాడు. తర్వాత ఫ్యూజు. ఫ్యూజు పెట్టె మూత మీద ‘టెయిల్’ అనో ‘ఇల్యూమినేషన్’ అనో ఉంటుంది. చాలా కార్లలో అది పది ఆంపియర్లది, ఎర్ర రంగుది. కొన్నింట్లో వెనక ఎర్ర లైట్లకూ, నంబరు ప్లేటు లైటుకూ ఇదే ఫ్యూజు. బటన్లు చీకటయ్యాయంటే వెనక లైట్లు కూడా పోయాయేమో దిగి చూడండి. లారీ వెనకనుంచి వచ్చేదాకా ఆగక్కర్లేదు. కొత్త ఫ్యూజు పెట్టగానే అదీ కాలిపోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతున్నట్టు. తర్వాత బిగించిన స్టీరియో, రివర్స్ కెమెరా వైరింగే అలాంటప్పుడు మొదటి ముద్దాయి. పది ఆంపియర్ల చోట ఇరవై పెట్టడమంటే ఫ్యూజు బదులు వైరును కాలనివ్వడమే.

ఒకే ప్యానెల్‌లో పక్కపక్కనున్న మూడు గుర్తులు ఒకేసారి ఆరిపోతే అవి ఎల్‌ఈడీలని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 3.2 వోల్టులు తింటుంది కనుక మూడింటిని వరసగా, కరెంటును అదుపులో ఉంచే ఒక రెసిస్టరుతో కలిపి 12 వోల్టులకి తగిలిస్తారు. ఒకటి తెగితే మిగతా రెండూ ఆరతాయి. లోపలి సన్న తీగ వేడెక్కి వెలిగే ఫిలమెంటు బల్బులు ఒక్కోటీ విడిగా కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి పోతే ఒకటే పోతుంది.

వెలుగు వస్తూ పోతూ ఉండి, గతుకులో పడ్డప్పుడో, ప్యానెల్ మీద తట్టినప్పుడో మళ్లీ వెలిగితే బల్బు బాగానే ఉంది, కాంటాక్టు పోయింది. బల్బు రాగి కాళ్ల మీద నల్లటి పొర కడుతుంది. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఆకుపచ్చ చిలుము కూడా. పెన్నుగీతలు చెరిపే గరుకు రబ్బరుతో నాలుగుసార్లు రుద్దితే చాలు.

ఇక బల్బుల రకాలు. కొట్లో అడగాల్సింది పేరుతో, చూపించాల్సింది పాతదాన్ని. పాత కార్లలో ఎక్కువగా కనిపించేది టీ5. అడుగున లోహం లేని, గాజు నొక్కేసి రెండు తీగలు మడిచిన చిన్న బల్బు. గాజు వెడల్పు 5 మిల్లీమీటర్లు, 12 వోల్టులు, 1.2 వాట్లు. దీని అన్నలాంటి టీ10 పార్కింగ్ లైటులో, నంబరు ప్లేటు లైటులో ఉండే 5 వాట్ల బల్బు, ఇక్కడ పట్టదు. టీ5 విడిగా ఒక ప్లాస్టిక్ హోల్డరులో కూర్చుంటుంది, ఆ హోల్డరు పావు చుట్టు తిప్పితే బయటికొస్తుంది. రెండో రకంలో బల్బూ హోల్డరూ కలిసే ఉంటాయి. టీ3, టీ4.2, టీ4.7 అంటారు. ఏసీ ప్యానెళ్లలో ఎక్కువ. జర్మన్ కార్లలో దాని దాయాది బీ8.5డీ. ఇవి చూడ్డానికి ఒకేలా ఉన్నా అడుగు వెడల్పులో అర మిల్లీమీటరు తేడా ఉన్నా కూర్చోవు, కూర్చున్నా వదులై మినుకుమంటాయి. మూడోది గోధుమగింజంత బల్బు, రెండు సన్న తీగలతో నేరుగా స్విచ్చి లోపల టంకం పెట్టి ఉంటుంది. దీని మీద 14 వోల్టులు, 40 మిల్లీ ఆంపియర్లు అనో 60 అనో ఉంటుంది. అదే అంకె ఉన్నది తేవాలి. నాలుగోది పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద అతికిన ఎల్‌ఈడీ. తరచుగా 3528 సైజు, అంటే 3.5 మిల్లీమీటర్ల పొడవు, 2.8 వెడల్పు.

బల్బు మీద ఆకుపచ్చో నీలమో రబ్బరు టోపీ ఉంటే దాన్ని పారేయకండి. గుర్తు రంగు ఆ టోపీదే, బల్బుది కాదు. ఏళ్ల వేడికి అది బిరుసెక్కి గాజును పట్టేసుకుంటుంది. గోరుతో అంచు చుట్టూ వదులు చేసి లాగాలి. చిరిగితే అదే కారు పాత ప్యానెల్ నుంచి మరోటి తెచ్చుకోవడం మేలు. రంగు పూసిన బల్బులు అమ్ముతారు కానీ ఆ పూత వేడికి పొలుసులుగా రాలుతుంది.

ఇక్కడే అసలు తగాదా: బల్బు తీసిన చోట ఎల్‌ఈడీ పెట్టొచ్చా? యాక్సెసరీ కొట్లో ఎవర్నడిగినా పెట్టమంటారు. నేను వద్దంటాను. ఫిలమెంటు బల్బు చుట్టూరా వెలుగు చిమ్ముతుంది, ఆ వెలుగు గుర్తు వెనకుండే ప్లాస్టిక్ గొట్టం గోడలకి తగిలి గుర్తంతా సమంగా పరుచుకుంటుంది. ఎల్‌ఈడీ వెలుగు ముందుకే పోతుంది. నడుమ మెరుపు, అంచున చీకటి. ఫ్యాను గుర్తు రెక్కల్లో ఒకటి మండుతూ, మిగతావి కనపడకుండా ఉన్న ప్యానెల్ ఎక్కడైనా చూస్తే అది ఈ బాపతే. రంగుది ఇంకో పేచీ. ఎర్ర లేదా నారింజ గుర్తు వెనక నీలం ఎల్‌ఈడీ పెడితే ఏమీ కనపడదు. ఆ ప్లాస్టిక్ ఎర్ర వెలుగునే పోనిస్తుంది, నీలం ఎల్‌ఈడీలో ఎరుపు లేదు. తెల్ల ఎల్‌ఈడీలో ఉన్నా తక్కువే. డిమ్మరు సంగతి సరేసరి. తిప్పుడు రెసిస్టరు రకం డిమ్మరు 100 మిల్లీ ఆంపియర్ల బల్బుల కోసం లెక్కకట్టింది. పది మిల్లీ ఆంపియర్ల ఎల్‌ఈడీని అది పెద్దగా తగ్గించలేదు. రాత్రి హైవే మీద కళ్లు చీకటికి అలవాటుపడ్డాక పక్కనే తగ్గని నీలపు వెలుగు ఎంత చిరాకో, పెట్టించుకున్నవాళ్లని అడగండి.

ఎల్‌ఈడీ చాలా ఏళ్లొస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ కంపెనీ బిగించిన ఫిలమెంటు బల్బు పదేళ్లొచ్చాక పోయిందనుకోండి, అలాంటిదే కొత్తది ఇంకో పదేళ్లొస్తుంది. అప్పటికి ఆ కారే ఉండకపోవచ్చు. ఒక్క చోట మాత్రం ఒప్పుకుంటాను. సగం డ్యాష్‌బోర్డు ఊడదీస్తే గానీ అందని బల్బుకు బదులు వెచ్చటి తెలుపు ఎల్‌ఈడీ, అదీ గుండ్రటి బోడి తల కాకుండా లోపలికి గుంటపడ్డ తల ఉన్నది పెట్టుకోవచ్చు. బోడి తలదే దొరికితే దాని తలను 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది మసకబార్చండి, వెలుగు పరుచుకుంటుంది. ఎల్‌ఈడీకి పాజిటివ్ వైపు, నెగటివ్ వైపు ఉంటాయి. వెలగకపోతే తీసి అటుదిటు తిప్పి పెట్టాలి. మీటరులోని హెచ్చరిక లైట్లకి మాత్రం ఎల్‌ఈడీ పెట్టనే వద్దు. కొన్ని కార్లలో బ్యాటరీ గుర్తు బల్బు ద్వారా పోయే కరెంటుతోనే ఆల్టర్నేటరు చార్జింగ్ మొదలుపెడుతుంది. ఆ బల్బును ఎల్‌ఈడీగా మారిస్తే ఇంజను తిరుగుతున్నా బ్యాటరీ ఎక్కదు, తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఎలక్ట్రీషియన్‌కి పూట పడుతుంది.

పాత కార్లలో వెలుగు ఎందుకు ఆకుపచ్చగానో నారింజగానో ఉండేదన్నదానికీ ఇక్కడే సమాధానం ఉంది. తెల్ల ఎల్‌ఈడీ రావాలంటే ముందు కాంతివంతమైన నీలం ఎల్‌ఈడీ రావాలి. అది 1990లలో వచ్చింది, దానికి అకసాకి, అమనో, నకమురలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. అంతకుముందు డిజైనర్ల దగ్గర ఉన్నవి బల్బూ, టోపీ, లేదా ఎరుపు, నారింజ, లేతాకుపచ్చ ఎల్‌ఈడీలు.

కొనడానికి చెన్నైలో తిరగాల్సిన దూరం తక్కువే. కూవం నదికి ఒకవైపు పుదుపేట, ఇంకోవైపు చింతాద్రిపేట పక్కన రిచీ స్ట్రీట్. బల్బు హోల్డరు, విరిగిన క్లిప్పు, చిరిగిన టోపీ, గీతలుపడ్డ బటన్ మూత లాంటివి పుదుపేటలో పాత కార్ల ప్యానెళ్ల నుంచి దొరుకుతాయి. కంపెనీయే తయారీ మానేసిన కార్లకైతే ఇదే దిక్కు. ఫోర్డు ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో చెప్పాక ఆ కార్లవాళ్లకు ఈ దారి మరింత అవసరం. ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, టంకం బాగా పట్టేందుకు పూసే ఫ్లక్సు, టంకం పీల్చే రాగి వత్తి రిచీ స్ట్రీట్‌లో. మామూలు బల్బులకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు చాలు. అక్కడ ‘ఎల్‌ఈడీ పోడుంగ సార్’ (ఎల్‌ఈడీ వేయండి) అంటారు, వద్దనండి. ఒకటి కావలసినా, ఆ ప్యానెల్‌లో ఉన్నన్ని కొనండి. అన్నీ ఒకే రోజు బిగించినవి, ఒకే వయసువి. ఒకటి పోయాక మిగతావి వరసలో ఉంటాయి. ప్యానెల్ మళ్లీ ఊడదీయడం కంటే మూడు బల్బులు అదనంగా మార్చడం తేలిక.

పనిముట్లు పెద్దగా లేవు. ప్యానెల్ సందులో దూర్చి ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు, పొట్టి స్టార్ స్క్రూడ్రైవరు, 10 మిల్లీమీటర్ల స్పానరు, కాగితపు టేపు, సన్నమూతి పటకారు, మల్టీమీటరు. ఇంకొకటి ఉంది, దుకాణాల్లో ఈ పనికని అమ్మరు. 5 మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న సిలికాన్ గొట్టం ముక్క, వేలెడు పొడవు. దాన్ని బల్బు తలకి తొడిగి లాగితే లోతులో ఉన్న బల్బు ఊడి వస్తుంది, కొత్తది అలాగే లోపలికి పెట్టొచ్చు. పటకారుతో లాగితే గాజు చిట్లి లోపల పడుతుంది.

మొదట ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి కనీసం మూడు నిమిషాలు ఆగండి. సెంటర్ ప్యానెల్ చుట్టుపక్కల ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి. పసుపు కనెక్టరు కనిపిస్తే దానికి మల్టీమీటరు తగిలించకండి, విప్పకండి. స్టీరియోకి కోడ్ అడిగే కారైతే ముందే కోడ్ దగ్గర పెట్టుకోండి.

ప్యానెల్ చుట్టూ కాగితపు టేపు అంటించి, ప్లాస్టిక్ పట్టీని ఒక మూల దూర్చి, నేరుగా మీ వైపుకి లాగాలి. వంచి లాగితేనే క్లిప్పు విరుగుతుంది. ఎక్కడైనా గట్టిగా పట్టుకుంటే బలం పెంచకండి, అక్కడ స్క్రూ దాక్కుని ఉంటుంది. యాష్‌ట్రే వెనకో, చిల్లరపెట్టె అడుగునో, ఖాళీ బటన్ మూత కిందో చూడండి. ఏళ్లపాటు చెన్నై ఎండలో మగ్గిన క్లిప్పులు పెళుసుబారతాయి. ఏసీ వేసి డ్యాష్‌బోర్డును చల్లబరిచి పని మొదలుపెట్టడం మహా తప్పు, వెచ్చగా ఉన్న ప్లాస్టిక్కే కాస్త వంగుతుంది.

తిప్పుడు నాబ్‌లున్న ఏసీ ప్యానెల్ వెనక తీగల కేబుళ్లు రెండో మూడో ఉంటాయి. ప్యానెల్‌ని చేతికందినంత బలంతో బయటికి లాగితే ఆ కేబులు వంగిపోతుంది, తర్వాత చల్లగాలి మీట చివరిదాకా తిప్పినా వేడిగాలి కాస్త కలుస్తూనే ఉంటుంది. కేబులు క్లిప్పు ఎక్కడ పట్టుకుందో మార్కరుతో గీత పెట్టి, ఫోటో తీసి, అప్పుడు విప్పండి. చాలాసార్లు విప్పక్కర్లేదు, నాలుగు వేళ్లు పట్టేంత ముందుకొస్తే బల్బు హోల్డర్లు అందుతాయి. హోల్డరును అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి. తీసిన బల్బు లోపల ఫిలమెంటు తెగి ఉంటుంది, గాజు నల్లబడి ఉంటుంది. కంటికి తేలకపోతే మల్టీమీటరుతో చూడండి. మంచి 1.2 వాట్ల బల్బు చల్లగా ఉన్నప్పుడు పది నుంచి ఇరవై ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. వెలుగుతున్నప్పుడు అదే 120 ఓమ్‌లు. లైటు వేసిన క్షణంలోనే బల్బులు ఎక్కువగా పోవడానికి ఈ తేడాయే కారణం, చల్లటి ఫిలమెంటులోకి ఒక్కసారిగా ఎన్నో రెట్ల కరెంటు దూకుతుంది.

హోల్డరుకు రెండు పక్కలా రాగి రెక్కలుంటాయి, పీసీబీ మీది పట్టీలకు అవే ఆనుకోవాలి. చదునుబడి ఉంటే వేలిగోరుతో ఒక వెంట్రుకవాసి పైకి లేపండి. కొత్త బల్బు పెట్టినా వెలగలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే. హోల్డరుకు కరెంటు వస్తుందా అని చూసేటప్పుడు మల్టీమీటరు రెండు కాళ్లూ హోల్డరు రెండు వైపులకే పెట్టండి. ఒక కాలు బాడీకి పెట్టి చూస్తే కొన్ని కార్లలో, ముఖ్యంగా జపాన్ డిజైన్లలో, తప్పుదోవ పడతారు. వాటిలో డిమ్మరు నెగటివ్ వైపు ఉంటుంది, బల్బు నెగటివ్ నేరుగా బాడీకి కలవదు. ఆ వైరును ఎవరైనా బాడీకి కలిపేస్తే వెలుగు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, డిమ్మరు దండగ.

పీసీబీ మీది ఎల్‌ఈడీ అయితే పని మారుతుంది. కారులో కూర్చుని టంకం పెట్టడం అనవసర సాహసం, ప్యానెల్‌ని బల్ల మీదికి తేవాలి. 9 వోల్టుల బ్యాటరీకి ఒక 1 కిలో ఓమ్ రెసిస్టరు కలిపి ఒక్కో ఎల్‌ఈడీకి తగిలించి చూస్తే ఏది పోయిందో తేలిపోతుంది. తీసేముందు ఫోటో తీయండి. ఎల్‌ఈడీ మీద కోసినట్టున్న మూల సాధారణంగా నెగటివ్ వైపు. టంకం పెట్టే కడ్డీ వేడి 320 నుంచి 350 డిగ్రీలు, టంకం తీగ అర మిల్లీమీటరుది. రెండు కాళ్ల మీదా తాజా టంకం వేసి, మార్చి మార్చి వేడిచేస్తే ఎల్‌ఈడీ జారి వస్తుంది. ఒకే చోట మూడు సెకన్లు దాటితే కింది రాగి పట్టీ పైకి లేస్తుంది, అప్పుడు సన్న తీగతో పక్క భాగం దాకా వంతెన వేయాలి. ఫ్లక్సు బటన్ కింద ఉండే నల్లటి కార్బన్ కాంటాక్టుల మీదికి పాకనివ్వొద్దు. పాకితే లైటు వెలుగుతుంది, బటన్ పనిచేయదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వండి.

ఎల్‌ఈడీని విడిగా పెట్టాల్సొస్తే రెసిస్టరు లెక్క ఇది. ఇంజను తిరిగేటప్పుడు కారులో 14.4 వోల్టుల దాకా ఉంటుంది. ఎల్‌ఈడీ 3.2 పోగా మిగిలింది 11.2. పది మిల్లీ ఆంపియర్లు చాలనుకుంటే సుమారు 1100 ఓమ్‌లు, అంటే 1.2 కిలో ఓమ్, పావు వాటుది. కొందరు 20 మిల్లీ ఆంపియర్లకని 560 ఓమ్‌లు పెడతారు. పావు వాటు రెసిస్టరు మీద 0.22 వాట్లు పడుతుంది, ఎండలో కాగిన డ్యాష్‌బోర్డులో అది నిప్పే.

బిగించేముందు బ్యాటరీ కలిపి, తాళం తిప్పకుండా, పార్కింగ్ లైటు మాత్రమే వేసి చూడండి. ఏ కనెక్టరైనా ఊడి ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక వెలిగి మెమరీలో నిలిచిపోవచ్చు, దాన్ని చెరపడానికి వర్క్‌షాపు వాళ్ల స్కానరు కావాలి. అన్నీ బిగించాక ఇంజను వేసి బ్యాటరీ దగ్గర వోల్టేజీ కూడా కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే ఆల్టర్నేటరు రెగ్యులేటరు పోయినట్టు. ఫిలమెంటుకు వోల్టేజీ 5 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఏడాదికోసారి బల్బులు పోతున్న కారుకు బల్బులు మార్చుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

సెట్టే మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. టచ్ ప్యానెళ్లు, జిగురుతో మూసేసిన స్విచ్చిలు, వానకు తలుపు సందులోంచి నీరు దిగి పీసీబీ పచ్చబారిన పవర్ విండో స్విచ్చిలు. వారంటీలో ఉన్న కారును అసలు ముట్టుకోవద్దు, షోరూములోనే అడగండి. స్టీరింగు మీది బటన్ల లైట్లు కూడా మీ పని కాదు. వాటిని చేరాలంటే ఎయిర్‌బ్యాగ్ విప్పాలి.